తలుపులు మూయించిన మొక్కు

బాన్ డోన్ ఖా
ఆరో నెల పున్నమి మర్నాడు, బుద్ధ శకం 2540

చెల్లీ రాంఫాయ్,

వాన పడింది. చాలినంత కాదు, దుక్కికి సరిపోతుంది. మీ బావ ట్రాక్టరు బండి బాగు చేస్తున్నాడు. బండి ఇంకా బాగుపడలేదు, మీ బావ మాత్రం నల్లబడ్డాడు.

నిన్న పూజకు ఆడవాళ్లందరం దీపాలు పట్టుకుని విహారం చుట్టూ తిరిగాం. రెండో చుట్టులో ఫా అత్త నా పక్కకు చేరింది. "ఏమే బువాసోన్, ఖోరాట్‌లో మీ చిన్నది చేసే పనేమిటి? ఇంకా చదువుతూనే ఉందా?" అంది. సూక్ష్మక్రిములతో పని అన్నాను. "చంపుతుందా, పెంచుతుందా?" అంది. మూడో చుట్టంతా అదే ఆలోచన. పూజ మీద మనసు నిలవలేదు.

కాబట్టి నువ్వే చెప్పు. చంపుతావా, పెంచుతావా?

నేను బాగానే ఉన్నాను. షుగరు మాత్రలు వేసుకుంటున్నాను. నాట్లు ఎనిమిదో నెలలో.

బుద్ధుడి నీడ నీ మీద ఉండాలి.

అక్క


ఖోరాట్
జూన్ 3

పెద్దక్కా,

ఫా అత్తకు చెప్పు: ముందు పెంచుతాను, తరువాత చంపుతాను. కోళ్ల విషయంలో ఆవిడా అంతే కదా!

ఇక సరిగ్గా చెబుతాను, నవ్వకు. మన పొలాల బురదలో ఒక క్రిమి ఉంటుంది. తొన్ మామయ్యను నాట్ల తరువాత జ్వరం తీసుకుపోయింది గుర్తుందా? ఆ జ్వరం దానిదే. కాలి మీద చిన్న గీత పడితే చాలు, అందులోంచి ఒంట్లోకి దిగుతుంది. షుగరు ఉన్నవాళ్లంటే దానికి మరీ ఇష్టం. ఆ ముక్క ఇంకోసారి చదువు.

ఆ క్రిమి ఒంటికి గోడ ఉంటుంది. గోడకు బుల్లి తలుపులు ఉంటాయి. ప్రోటీనుతో అల్లిన గొట్టాలు, వెదురు బొంగు ముక్కలు మూడేసి కలిపి కట్టినట్టు. పోరిన్‌లు అంటారు వాటిని. బయటి నుంచి వెళ్లేది ఏదైనా వాటిలోంచే వెళ్లాలి. మేము క్రిమిని పక్కన పెట్టి, ఆ తలుపులను మాత్రం విడదీస్తాం. రెండు గిన్నెల ఉప్పునీళ్లు, మధ్యలో పలక, పలకకు సూది మొనంత రంధ్రం, రంధ్రం మీద పలుచటి కొవ్వు పొర. ఆ పొరలోకి ఒక తలుపు వచ్చి నాటుకుంటే కొంచెం కరెంటు దాటుతుంది. తెర మీద గీత మెట్టు ఎక్కుతుంది. మూసుకుంటే మెట్టు దిగుతుంది. నా పనంతా ఆ తలుపుల ముందు కాపలా. వాటి గుట్టు తెలిస్తే ఆ జ్వరం పని పట్టవచ్చు.

బస్సులో పార్సెల్ పంపాను. రబ్బరు బూట్లు, మోకాలి దాకా వస్తాయి. ఈసారి నాట్లకు తప్పకుండా వేసుకో. తప్పకుండా. మళ్లీ రాస్తున్నాను, తప్పకుండా.

నీ పెంచే, చంపే చెల్లెలు,
రాంఫాయ్


బాన్ డోన్ ఖా
ఏడో నెల పున్నమి

చెల్లీ,

బూట్లు అందాయి. మంచి రబ్బరు. మీ బావ ఒకటి తలకిందులుగా పట్టుకుని నీళ్లు పోసి చూశాడు. "కారడం లేదు" అన్నాడు. బూటు లోపల పోయాలి కదా అన్నాను. "అదీ నిజమే" అన్నాడు.

కాని వాటితో ధాన్యపు తల్లి ఒడిలోకి ఎలా దిగను? అమ్మ దిగలేదు, అమ్మమ్మ దిగలేదు. మీ ల్యాబులోకి కూడా చెప్పులు గుమ్మం బయట విడిచే వెళతారని నువ్వే అన్నావు. క్రిమికిచ్చే మర్యాద తల్లికి ఇవ్వొద్దా?

బూట్లు వృథా కాలేదు. ఎర్ర కోడి ఎడమదాంట్లో పొదుగుతోంది.

నీ ఉత్తరంలో తలుపుల సంగతి చదివి సంతోషించాను. మన పెద్ద భిక్షువు గారు చెప్పేది అదే. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు. ఆరు తలుపులు. కాపలా లేని తలుపులోంచే కీడు వస్తుంది. ఇన్నాళ్లకు నీ చదువు నాకు అర్థమైంది. ఇక్కడ కూర్చుని నేను చేయగలిగింది ఒకటి చేశాను. ఏమిటని అడగకు.

నీ కాపలా ఫలించాలి.

అక్క


ఖోరాట్
జూలై 4

పెద్దక్కా,

కోడికా! ఆ బూట్ల కోసం నేను మూడు దుకాణాలు తిరిగాను. నీ పాదం కొలత గుర్తులేక, ముయ్‌ని నిలబెట్టి, "మా అక్క పాదం నీకంటే కాస్త వెడల్పు" అని కొలిపించాను. ముయ్ అంటే నా పక్క బల్ల పిల్ల. అది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అంతా చేస్తే కోడి పొదుగుతోందా? కోడికి షుగరు ఉందా అక్కా?

ల్యాబులో నేలకు టైల్స్ వేశారు. బురద లేదు, ముల్లు లేదు, నత్త గుల్ల లేదు. దాన్నీ పొలాన్నీ పోలుస్తావేమిటి?

పని సంగతి అడగకముందే చెబుతున్నాను. అన్ని తలుపులూ మూసుకున్నాయి. వచ్చి నాటుకోవడం, మూసుకోవడం. నెల రోజులుగా అంతే. మా మేడమ్‌కు నోట మాట రాలేదు. ముయ్ నాకు వంగి దండం పెట్టింది. ఇంక రాయడానికేమీ లేదు.

బూట్లు వేసుకో. కోడికి గంప కొనిపెట్టు. తప్పకుండా.

రాంఫాయ్


బాన్ డోన్ ఖా
ఎనిమిదో నెల పున్నమి, భిక్షువుల వర్షావాసానికి ముందురోజు

చెల్లీ,

సాధు, సాధు, సాధు.

నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. అన్నీ మూసుకున్నాయా! మేడమ్‌కు నోట మాట రాలేదంటే ఎంత గొప్ప పని చేశావో తెలుస్తూనే ఉంది. తోటిపిల్ల దండం పెట్టిందంటే ఇక చెప్పేదేముంది. ఫా అత్తకు చదివి వినిపించాను. "మీ చిన్నది అమాయకురాలనుకున్నాను" అంది.

ఇప్పుడు చెప్పవచ్చు. ఫలించింది కాబట్టి దోషం లేదు. నీ జూన్ ఉత్తరం అందిన రోజే పూతా తోపుకు వెళ్లాను. ఊరిని కాచే తాతగారి గుడి ముందు మైనం ఒత్తి వెలిగించి మొక్కుకున్నాను. "మా చెల్లెలు కాపలా కాసే తలుపులన్నీ మూసుకోవాలి తాతా. మూసుకుంటే నాట్లు మొదలు వరి పొట్టకొచ్చే దాకా పొలంలో చెప్పు తొడగను." తోపు పెద్ద లున్ తాత పక్కనే ఉండి విన్నాడు.

తాతగారు తన మాట నిలబెట్టుకున్నారు. నేను నాది నిలబెట్టుకోవాలి. నిన్న నాట్లు మొదలుపెట్టాం. ఉత్త కాళ్లతో దిగాను. మనసు చల్లగా ఉంది.

బూట్ల మీద నాకు చులకన లేదు. ఇప్పుడైనా తెలిసింది కదా.

తాతగారి చల్లని చూపు మీ ల్యాబు మీద కూడా ఉండాలి.

అక్క


ఖోరాట్
జూలై 27

పెద్దక్కా,

నిలబడి ఉంటే కూర్చో. కూర్చుంటే బావను పిలువు.

తలుపులు తెరుచుకోవాలి! తెరుచుకోవాలక్కా! మందు కూడా ఆ తలుపుల్లోంచే కదా లోపలికి వెళ్లాల్సింది! ఆ క్రిమి తలుపులు అసలే ఇరుకు. అందుకే సగం మందులు దాని గోడ దగ్గరే నిలిచిపోతాయి. ఏ మందు ఏ తలుపులోంచి దూరగలదో చూడటమే నా పని. మూసుకుంటే చూసేదేముంది? మేడమ్‌కు నోట మాట రానిది కోపంతో. ముయ్ దండం పెట్టింది "ఇక చాలు తల్లీ, ఇంటికి పో" అని.

తప్పు నాదే. మందు సంగతి మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. కాని అక్కా, నువ్వు ఇన్నాళ్లూ క్రిమి తరఫున మొక్కావు! లోకంలో దానికి ఇంత భక్తురాలు ఇంకొకరు లేరు. పైగా ఆ మొక్కు చెల్లించడానికి, అది ఉండే బురదలోకే ఉత్త కాళ్లతో, షుగరుతో!

ల్యాబులో ఈ సంగతి చెప్పాను. ముయ్ పొట్ట పట్టుకుని నవ్వింది. తరువాత గొంతు తగ్గించి, "అయినా మూసుకున్నాయి కదే" అంది. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ఈ ఉత్తరం అందగానే తోపుకు వెళ్లి మొక్కు వెనక్కి తీసుకో. అక్కడి నుంచి తిన్నగా కోడిని లేపు. తప్పకుండా, తప్పకుండా, తప్పకుండా.

రాంఫాయ్


బాన్ డోన్ ఖా
తొమ్మిదో నెల శుక్ల అష్టమి

చెల్లీ,

చదివాను. మీ బావను పిలిచి మళ్లీ చదివాను. ఆయన బయటికి వెళ్లి నవ్వుకుని వచ్చాడు.

లున్ తాత దగ్గరికి వెళ్లాను. తోపులో ఆకులు ఊడుస్తున్నాడు. సంగతంతా విన్నాడు.

"నువ్వు అడిగింది ఆయన ఇచ్చాడా, లేదా?"

"ఇచ్చాడు తాతా."

"తప్పుగా అడిగిందెవరు?"

"నేనే."

"మరి ఆయనేం చేయాలి? నీ చెల్లెలు ఏం చదివిందో కనుక్కుని రమ్మంటావా ఖోరాట్‌కు?"

"మొక్కు వెనక్కి తీసుకోవచ్చా తాతా?"

"భోంచేసి లేచాక కూర బాగాలేదని డబ్బులు ఎగ్గొడతావా? చెల్లించు. చెల్లించాక వచ్చి సరిగ్గా అడుక్కో. ఈసారి మీ చెల్లెల్ని అడిగి రా."

కాదనలేకపోయాను. మాట ఇచ్చింది నేను. వరి పొట్టకొచ్చే దాకానే కదా. నువ్వు భయపడకు. రోజూ గట్టెక్కగానే బోరింగు దగ్గర సబ్బుతో కాళ్లు కడుక్కుని, ఒక్కొక్క వేలూ చూసుకుంటున్నాను.

కోడి పిల్లల్ని లేపింది. అన్నీ బాగున్నాయి. ఒకటి మాత్రం బూటు దిగనంటోంది.

నిన్న మడిలో నత్త గుల్ల మడమ కోసింది. కొంచెమే.

మనసు నెమ్మదిగా ఉంచుకో.

అక్క


ఖోరాట్
ఆగస్టు 18

అక్కా,

"కొంచెమే" అని రాశావు. నీ సంగతి నాకు తెలుసు. వరద వచ్చి వంటిల్లు కొట్టుకుపోయినప్పుడు కూడా "కొంచెం తడి" అని రాశావు.

నేను ఇక్కడ ఆ క్రిమి తలుపులు చూస్తూ ఉంటే, నువ్వు అక్కడ దానికి నీ మడమలో తలుపు తీసి పెట్టావు. లున్ తాత మాట ఎక్కువా, నా మాట ఎక్కువా? నేను రాసిన ఇన్ని ఉత్తరాల్లో ఒక్క మాటైనా నీ చెవిలోకి దూరిందా?

జ్వరం వస్తే, వణుకు వస్తే, దగ్గు వస్తే, పుండు మానకపోతే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లు. షుగరు ఉందని, మడిలో కాలు తెగిందని ముందే చెప్పు. మామూలు జ్వరం మందు ఇచ్చి పంపబోతే కదలకు. బావకు ఈ పేరా చదివించు. ఫా అత్తకూ చదివించు.

ఇక్కడ నేను రోజూ మరింత గట్టిగా తడుతున్నాను. రోజూ మరింత గట్టిగా మూసుకుంటున్నాయి. నువ్వూ అవీ ఒకటే.

రాంఫాయ్


జిల్లా ఆసుపత్రి
పదో నెల పున్నమి

చెల్లీ,

నువ్వు వచ్చి వెళ్లాక వార్డు బోసిపోయింది. పక్క మంచం ఆవిడ, "మీ డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడొస్తుంది?" అంటోంది. మనుషుల డాక్టరు కాదు, తలుపుల డాక్టరు అన్నాను. వడ్రంగం అనుకుంది.

ఇవాళ జ్వరం లేదు. గొంతులోకి జిగురు అన్నం దిగింది. సెలైన్‌లో ఆ బురద జ్వరం మందు ఇంకా ఎక్కిస్తున్నారు. తరువాత మాత్రలట, నెలల తరబడి. డాక్టరు నిన్న మీ బావతో అన్నాడు: "రెండు రోజులు ఆలస్యంగా తెచ్చి ఉంటే ఇలా మాట్లాడుతూ ఉండేవాళ్లం కాదు." మీ బావ నీ ఉత్తరం చొక్కా జేబులోంచి తీసి ఆయనకు చూపించాడు. వణుకు మొదలవగానే ఆ కాగితం చేతిలో పట్టుకునే ఆయన నన్ను బండి ఎక్కించాడు. ఆ రోజు బండి మొదటి తిప్పుకే స్టార్టయింది.

నువ్వు నా పక్కన కూర్చుని తిట్టలేదు. పాదాలకు నూనె రాసి వెళ్లావు. నువ్వు తిట్టకపోవడం చూసి మీ బావ బెదిరిపోయాడు. "డాక్టరు దానికేమైనా చెప్పాడేమో" అని రెండు పూటలు తిండి మానేశాడు.

మందు ఎక్కుతున్నంత సేపూ కళ్లు మూసుకుని జపం చేస్తున్నాను. తెరుచుకోండి, తెరుచుకోండి అని. ఈసారి సరిగ్గానే అడుగుతున్నాను కదా?

లున్ తాత మొన్న వచ్చాడు. ఉడికించిన గుడ్లు తెచ్చాడు. మంచం చుట్టూ చూసి అడిగాడు.

"బువాసోన్, ఆసుపత్రికి వచ్చాక పొలంలో చెప్పు తొడిగావా?"

"పొలానికే పోలేదు కదా తాతా."

"అడిగినదానికి జవాబు చెప్పు. తొడిగావా?"

"లేదు."

"మీ ఇంటి మీదుగానే వచ్చాను. మీ వరి పొట్టకొచ్చింది. ఇంకేం, మొక్కు చెల్లింది." గుడ్డు పెంకు ఒలుస్తూ అన్నాడు: "నేను మరీ గట్టిగా మాట్లాడానమ్మా ఆ రోజు." ఒలిచిన గుడ్డు నా చేతిలో పెట్టాడు.

నీ పని ఎంతదాకా వచ్చింది? నా గురించి కాదు, దాని గురించి రాయి.

అక్క


ఖోరాట్
సెప్టెంబరు 29

పెద్దక్కా,

రాస్తున్నాను. దాని గురించే.

నీ దగ్గరి నుంచి వచ్చిన మర్నాడు మళ్లీ తలుపుల ముందు కూర్చున్నాను. వచ్చి నాటుకున్నాయి, మూసుకున్నాయి. మేడమ్ వెనకాలే నిలబడి చూసింది. "ఏమ్మా, తలుపు తీయమని అడుగుతున్నావా, బద్దలు కొడుతున్నావా?" అంది. ఎంత వోల్టేజీ పెట్టావని అడిగింది. చెప్పాను. మెట్లు పెద్దగా కనబడాలని, పని తొందరగా అవ్వాలని జూన్ నుంచి పెంచుతూ వచ్చాను. "మరీ ఎక్కువగా నెడితే ఇవి మూసుకుంటాయి. పుస్తకంలో ఉంది. నువ్వే పిల్లలకు పాఠం చెప్పావు" అంది.

సగానికి తగ్గించాను. ఒక తలుపు వచ్చి నాటుకుంది. గీత మెట్టు ఎక్కింది. ఎక్కి, అక్కడే నిలబడింది. మేం టీ తాగి వచ్చినా నిలబడే ఉంది. ముయ్ మళ్లీ దండం పెట్టింది. ఈసారిది ఫా అత్తకు చదివి వినిపించవచ్చు.

ఆ తరువాత ఉప్పునీళ్లలో ఒక మందు వేశాం. నీ చేతికి ఎక్కించిన మందే. అంతవరకు తిన్నగా ఉన్న గీత సన్నగా వణకడం మొదలుపెట్టింది. మందు రేణువు తలుపులోకి దూరినప్పుడల్లా కరెంటుకు ఒక్క క్షణం దారి చాలదు, గీత కుంగుతుంది. అది దాటగానే లేస్తుంది. కుంగడం, లేవడం. అక్కా, నీ ఒంట్లో జరిగింది నేను తెర మీద చూశాను. కళ్లనీళ్లు కారిపోతున్నాయి. ముయ్ నా చేతిలో రుమాలు పెట్టి, "తలుపులు తెరుచుకున్నాయిలే, కళ్లు మూసుకో" అంది.

మాత్రలు వేళకు వేసుకో. పొలానికి మళ్లీ ఎప్పుడు వెళతావో, ఎలా వెళతావో నీ ఇష్టం. ఈ ఉత్తరంలో ఒక మాట వాడలేదు. వెతికి చూసుకో.

నీ తలుపుల వడ్రంగి,
రాంఫాయ్


బాన్ డోన్ ఖా
పదకొండో నెల పున్నమి, వర్షావాసం ముగిసిన రోజు

చెల్లీ,

వెతికాను. "తప్పకుండా" లేదు. నీ ఉత్తరాల్లో కూడా వోల్టేజీ తగ్గింది.

ఇంటికి వచ్చాను. ఉదయం భిక్షువులకు అన్నం వడ్డించి, తోపుకు వెళ్లాను. ఈసారి ఏ తలుపులు ఎవరివో పేరు పెట్టి అడిగాను. "తాతా, క్రిమి గోడకున్న తలుపులు తెరిచి ఉంచండి. బువాసోన్ ఒంటికున్నవి మూసి ఉంచండి. రెండోదానికి నేనూ సాయం పడతాను." లున్ తాత చెవి ఒగ్గి విన్నాడు. "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. చెల్లింపు ఏమిటని అడిగాడు. ఉత్త కాళ్ల ఊసెత్తకుండా ముందే ఆలోచించుకుని వెళ్లాను. మా చెల్లెలు కోతలకు వచ్చి తోపులో నాట్యం చేస్తుందని చెప్పాను. నిన్ను అడగలేదు. ముయ్‌ని కూడా తీసుకురా, సిగ్గు సగమవుతుంది.

కోడి మళ్లీ ఆ బూట్లోనే పొదగడానికి కూర్చుంది, లేపడం కష్టమైంది. మీ బావ గంప అల్లాడు. అది గంపను చూసింది, బావను చూసింది, నన్ను పొడిచింది. చివరికి అన్నం మెతుకులు చల్లి దించాం. బూటు కడిగి ఎండబెట్టాను. ఎంత కడిగినా మూల ఒక ఈక ఉండిపోయింది. ఉండనిచ్చాను.

సాయంత్రం ఒక్కదాన్నే పొలానికి వెళ్లాను. వరి నిండు పొట్టతో ఉంది. చూలాలికి పెట్టినట్టే పుల్లటి కాయలు, దువ్వెన, కొంచెం పౌడరు ఆకులో పెట్టుకుని వెళ్లాను. గట్టు మీద కూర్చుని తల్లికి చెప్పుకున్నాను. "అమ్మా, మర్యాద తప్పి కాదు. నీ బిడ్డ ఇంకా కొన్నేళ్లు నీ దగ్గరికి వస్తూ ఉండాలని ఇవి తొడుక్కుంటోంది." చేతులు జోడించి కాసేపు ఆగాను. గాలికి మడంతా ఒక్కసారి వంగి లేచింది. అంతకంటే ఏం చెబుతుంది.

దిగాను. మొదటి అడుగుకు బురద బూటును పట్టుకుని వదల్లేదు. రెండో అడుగుకు వదిలింది. పెద్ద చప్పుడు చేసుకుంటూ మడి మధ్యకు నడిచాను. కప్పలన్నీ ఆగిపోయాయి. ఆకు అక్కడ పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చి బూట్లు గుమ్మం బయట విడిచాను. దీపం దగ్గర కూర్చుని ఒక్కొక్క వేలూ చూసుకున్నాను.

పాదాలు పొడిగా ఉన్నాయి.

అక్క